మామ లేపిన బంతి

మా మామ పోయాడన్న కబురు నాకు ధర్మపురి బస్సు కండక్టరు తెచ్చాడు. పొద్దున ట్రిప్పుకి సేలం డిపోలోకి వచ్చి, టికెట్ల పెట్టె చంకలో పెట్టుకుని, నేను పని చేస్తున్న బండి కిందికి వంగి చూశాడు. "అన్నా, బయటికి రా. మీ మామ పోయినాడంట. సోగత్తూరు స్టాపులో మీవాళ్ళు బస్సు ఆపి చెప్పినారు," అన్నాడు. నేను వెంటనే బయటికి రాలేదు. బిగిస్తున్న నట్టు పూర్తిగా బిగించి, స్పానరు తుడిచి పెట్టి, అప్పుడు వచ్చాను. పని సగంలో వదిలి లేస్తే ఆయనకు నచ్చేది కాదు.

అదే బస్సు ఎక్కి వెళ్ళాను. ఇంటి ముందు పందిరి కింద ఆయన్ని పడుకోబెట్టారు. కారిమంగళం వైపు నుంచి వచ్చిన ఇద్దరు ముసలాళ్ళు చెప్పులు విప్పుతూ, పోయిందెవరని అడిగారు. మావాడొకడు ఇచ్చిన జవాబు నా చెవిన పడింది. "బస్సు కార్పొరేషన్ జట్టులో వాలీబాల్ ఆడతాడే, తక్కువ ఎత్తు బంతిని మెరుపు మాదిరి కొడతాడే, వాని మామ." ముసలాళ్ళు ఓహో అని తలలూపారు. నాకు ఒళ్ళు మండింది. మనిషి చచ్చిపోయి ఎదురుగా పడుకుని ఉంటే, ఆయన్ని నా పేరు చెప్పి గుర్తుపట్టిస్తున్నారు. నిజానికి నన్ను ఆయన పేరు చెప్పి గుర్తుపట్టించాలి. ఈ సంగతి సరిచేసి తీరాలని అక్కడే నిలబడి గట్టిగా అనుకున్నాను. నాకు కోపం ఎక్కువ అంటారు. ఉండనివ్వండి, కొన్ని పనులకు కోపం కావాలి.

మాది ధర్మపురిని ఆనుకుని ఉన్న సోగత్తూరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా పెద్దవాళ్ళు ఎప్పుడు ఎక్కడి నుంచి వచ్చారో చెప్పగలిగిన మనిషి మాలో ఎవరూ మిగల్లేదు. పని మాత్రం మిగిలింది. బావులు తవ్వుతాం. మా వైపు భూమిలో మనిషి ఎత్తు దిగితే చాలు, రాయి తగులుతుంది. నాన్న నా చిన్నప్పుడే ఆ రాతి దుమ్ముకే పోయాడు. అమ్మ తమ్ముడైన మామే నన్ను పెంచి, బడికి పంపి, పదో తరగతి పాసయ్యాక కూడా వేరే పని దొరక్కపోతే తన వెంట బావిలోకి దించుకున్నాడు.

ఆ పని తెలియనివాళ్ళ కోసం చెప్తాను. రాతిని పేల్చే మందు కూరడానికి అందులో తూటు వేయాలి. ఒకడు కూర్చుని, ఇనుప కడ్డీని రాతిమీద నిలబెట్టి పట్టుకుంటాడు. ఇంకొకడు నిలబడి సమ్మెటతో దాని తలమీద కొడతాడు. దెబ్బకీ దెబ్బకీ మధ్య పట్టుకున్నవాడు కడ్డీని కొంచెం తిప్పాలి. తిప్పకపోతే అది రాతిలో ఇరుక్కుపోతుంది, ఇద్దరి కష్టమూ వృథా. బావి ఒడ్డున నిలబడి చూసేవాళ్ళకు మాత్రం సమ్మెట ఎత్తేవాడే కనిపిస్తాడు. వాడి భుజాలు, వాడి చెమట. కింద గొంతుకూర్చున్నవాడి వీపు తప్ప ఏమీ కనిపించదు. మా జోడీలో నేను కొట్టేవాణ్ణి, మామ పట్టేవాడు.

పట్టేముందు కడ్డీ తలను తలగుడ్డ కొంగుతో ఒకసారి తుడిచేవాడు. తర్వాత మెడ వంచి కూర్చునేవాడు. సమ్మెట వైపు ఒక్కసారి కూడా చూసేవాడు కాదు. నేను కొత్తగా చేరినప్పుడు, భయం లేదా మామా అని అడిగాను.

"సమ్మెటను చూస్తే చెయ్యి తానుగా ఎనక్కి పోతాది. అందుకే నేను దాని పక్క చూడను. నువ్వు గూడా కడ్డీ తల తప్ప ఇంకేమీ చూడొద్దు. ఇద్దరమూ ఒకే చోట చూస్తాండామంటే ఏమీ కాదు," అన్నాడు.

మా ఆట కూడా ఆ పనిలోంచి పుట్టిందే. ఇండియా క్రికెట్‌లో మొదటిసారి ప్రపంచ కప్పు గెలిచిన ఏడాది అది. ధర్మపురిలో ప్రతి సందులోనూ బ్యాట్లు చెక్కుకుంటుంటే, మేము మాత్రం వలకి ముళ్ళు వేసుకుంటున్నాం. ఆ వల కూడా అంగట్లో కొన్నది కాదు. బావుల్లోంచి రాళ్ళు లాగి అరిగిపోయిన తాళ్ళను విప్పి మామ కూర్చుని అల్లాడు. పని అయిపోయాక పొద్దు ఉన్నంతసేపూ ఆడేవాళ్ళం. మా పెదనాన్న కొడుకు, నేను అన్న అని పిలిచేవాడు, వెనక నిలబడి అవతలివాళ్ళు కొట్టిన మొదటి బంతిని తీసేవాడు. అది వల దగ్గరికి వెళ్తే మామ రెండు చేతుల వేళ్ళతో పైకి లేపేవాడు. లేచిన బంతిని నేను ఎగిరి కొట్టేవాణ్ణి. మిగిలిన ముగ్గురూ నాకు వెనక కాపు. నా షాట్ అవతలివాళ్ళ చేతులకు తగిలి తిరిగొస్తే నేలమీద పడి లేపేది వాళ్ళే. మోకాళ్ళు దోక్కుపోయేది వాళ్ళవి, ఈలలు నాకు.

మామ పొట్టి. వలకింద నిలబడితే తలగుడ్డతో కలిపినా వల అంచు చాలా పైన ఉండేది. కానీ ఆయన లేపిన బంతి తిరిగేది కాదు. గాలిలో ఒక క్షణం ఆగి, కొట్టు అన్నట్టు ఉండేది. నాకు వయసు ఇరవై రెండు, పొడుగు బాగా ఉంది, సమ్మెట ఎత్తిన భుజాలు. అలాంటి బంతిని ఎవడైనా కొడతాడు. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు. నేను పుట్టుకతోనే గొప్పవాణ్ణి అనుకున్నాను.

కారిమంగళం సంతరోజున టీకొట్టాయన నన్ను పిలిచి కూర్చోబెట్టి మీగడ వేసిన టీ ఇచ్చేవాడు. మామ బయట నిలబడి మామూలు టీ తాగేవాడు. "నా గ్లాసులో పాలు గూడా వానికే పొయ్యన్నా, ఎగరాల గదా," అని నవ్వేవాడు. ఆయనకి కూడా ఒక మీగడ టీ ఇవ్వమని నేను ఒక్కసారీ అడగలేదు. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ రాయాలి.

ఆ ఏడాది చివర్లో కారిమంగళంలో పోటీలు పెట్టారు. ప్రభుత్వ బస్సు కార్పొరేషన్ జట్టుకు ఆటగాణ్ణి ఎంచుకోవడానికి ఒక పెద్దమనిషి వస్తున్నాడని, చోటు ఒక్కటే ఉందని, ఎంచుకున్నవాడికి డిపోలో పర్మనెంటు ఉద్యోగమని తెలిసింది. పదో తరగతి పాసై ఉండాలన్నారు. మా ఆరుగురిలో పాసైంది నేనొక్కణ్ణే. మామ ఆ కబురు విన్న రోజు అన్నం సరిగా తినలేదట. నా దగ్గరికి వచ్చి ఒకటే మాట చెప్పాడు.

"మీ నాయన దగ్గు నేను విన్నాను. నీ దగ్గు వినను. నిన్ను ఈ బాయిలోంచి పైకి తీసేది ఈ ఆటే. ఇంక నీకు వేరే ఆలోచన ఒద్దు."

పోటీలకు అయిదు వారాలు ఉండగా ఆ పాపం జరిగింది. చెట్టికరైలో ఒక రైతు బావి తవ్వుతున్నాం. అడుగున మామా నేనూ ఇద్దరమే. అన్నా మిగిలినవాళ్ళూ పైన రాళ్ళు లాగుతున్నారు. బావి ఒడ్డుకు ఎవరో కాలేజీ కుర్రాళ్ళు వచ్చి, వాలీబాల్ ఆడే ఆయన ఇక్కడే పని చేస్తున్నాడటగదా అని అడుగుతున్నారు. నా పేరు పైనుంచి వినిపించింది. సమ్మెట గాలిలో ఉండగా నేను తల ఎత్తి చూశాను. అంతే. సమ్మెట కడ్డీ తల అంచుకి తగిలి జారి మామ కుడిచేతిమీద పడింది.

ఆయన అరవలేదు. ఊపిరి ఒకసారి గట్టిగా లోపలికి పీల్చుకుని, ఆ చేతిని తీసుకెళ్ళి ఊటనీళ్ళలో పెట్టాడు. నీళ్ళు ఎర్రబడ్డాయి. చూపుడువేలు మధ్యలో విరిగింది, నాకు కనిపిస్తోంది. నేను ఏదో ఏడుస్తూ చెప్పబోతే ఎడమచేత్తో నా నోటివైపు ఆపు అన్నట్టు చూపించాడు. పైనుంచి అన్న, ఏమైంది మామా అని కేకేశాడు.

"రాయి జారింది. ఏలుకు తగిలింది. పరవాలేదు, మీ పని మీరు చూడండి," అని మామ బదులు చెప్పాడు.

ఆ అబద్ధం ఎందుకో నాకు తెలుసు. సమ్మెట తప్పిందని తెలిస్తే మేస్త్రీ నన్ను సమ్మెట ముట్టనివ్వడు, ఆ సీజనంతా రాళ్ళు మోయిస్తాడు. చెయ్యి తప్పినవాడు అన్న మాట ఊరూరా తిరుగుతుంది. పోటీల దాకా కూడా వస్తుంది.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. సమ్మెట తప్పి పట్టినవాడికి దెబ్బ తగిలితే, ఎముక విరిగినా సరే, ఆ రోజు పొద్దు గూకేలోపు ఆ మనిషే ఆ సమ్మెట కిందే మళ్ళీ కడ్డీ పట్టాలి. పట్టకుండా పైకి ఎక్కితే ఆ జోడీ చెడిపోయినట్టే. ఇద్దరికీ భయం పట్టుకుంటుంది, ఇక జన్మలో కలిసి పని చేయలేరు. రాయి జారితే అది అక్కర్లేదు. సమ్మెట తప్పితేనే.

మామ తలగుడ్డ చింపి వేలికి చుట్టుకున్నాడు. ఎడమచేత్తో కడ్డీ లేపి రాతిమీద నిలబెట్టాడు. "రా, కొట్టు," అన్నాడు.

"నాతో కాదు మామా."

"కాదంటే ఎట్లా? నేను పట్టుకోని కూసోనుండాను. ఎంతసేపు కూసోబెడతావు?"

"నువ్వు ఆస్పత్రికి పోదాం రా."

"పోదాం. దీని తర్వాత పోదాం. ఇది ఎవరికోసమో కాదురా, నీ కోసం. ఇప్పుడు కొట్టకుంటే నువ్వు ఇంక దేన్నీ గట్టిగా కొట్టలేవు. బంతిని గూడా."

సమ్మెట ఎత్తాను. ఆనించినట్టు కొట్టాను. "ఇది దెబ్బనా, మీ అత్త ఒడియాలు పెడతాందా? సరిగా కొట్టరా," అని కసురుకున్నాడు. కళ్ళలో నీళ్ళు కారుతుంటే కడ్డీ తల రెండుగా కనిపిస్తోంది. ఆయన మెడ వంచుకుని అలాగే కూర్చున్నాడు, సమ్మెట వైపు చూడలేదు. పది దెబ్బలు కొట్టించాడు. పదోది నా పూర్తి బలంతో పడింది. అప్పుడు లేచి, ఒంటిచేత్తో తాడు పట్టుకుని పైకి ఎక్కాడు.

నాటువైద్యుడు కట్టు కట్టి, నెలన్నర విప్పొద్దన్నాడు. మామ పదకొండో రోజున విప్పి ఆటకు వచ్చాడు. అత్త ఎంత తిట్టినా వినలేదట. ఎముక వంకరగా అతుక్కోవడానికి కారణం అదే.

మొదటి రోజు ఆయన లేపిన బంతిని చూసి నేను వెనక్కి తిరిగి నిలబడ్డాను. పది వేళ్ళూ సమానంగా తగిలితేనే బంతి తిరగకుండా లేస్తుంది. ఒక వేలు పని చేయకపోతే అది గిరగిరా తిరుగుతుంది, రెఫరీ విజిల్ వేసి పాయింటు తీసేస్తాడు. పైగా ఎత్తుగా నెట్టే బలం ఆ చేతికి లేదు. నేను నిలబడే వల చివర దాకా బంతి రానే రావడం లేదు. వేరే ఎవరినైనా అక్కడ పెడదాం మామా, నువ్వు కూర్చో అని అన్న నెమ్మదిగా చెప్పి చూశాడు.

"సుమ్మా, ఊరికే ఉండరా. బంతి దూరం పోలేదంటే, వాణ్ణి దగ్గరికి రమ్మను," అన్నాడు మామ.

అలా మొదలైంది. ఆయన నన్ను తన పక్కకు పిలిచాడు. వల అంచు దాటి జానెడు మాత్రం లేచేలా బంతిని చిన్నగా తోస్తానన్నాడు. చేతిలో బంతి ఉండే సమయం తక్కువ, కాబట్టి తిరగదు. అయితే లేచాక నేను ఎగిరితే అందదు. అది ఆయన చేతికి రాకముందే నేను గాలిలో ఉండాలి.

"బంతి ఇంకా రాలేదు గదా మామా, దేన్ని చూసి ఎగరాల?"

"బంతి తెచ్చేది నా పని. ఎగిరేది నీ పని. నువ్వు ఎగురు."

పదిహేను రోజులు నేను గాలినే కొట్టాను. వలలో మొహం ఇరుక్కుంది, కింద ఆయన మీద పడ్డాను. ఊళ్ళోవాళ్ళు వచ్చి నవ్వుకుని పోయేవాళ్ళు. నాకు మాత్రం లోపల వేరే భయం. ఎగిరి చెయ్యి ఎత్తినప్పుడల్లా నా కింద ఆయన చేతులు కనిపించేవి, చెయ్యి సగంలో ఆగిపోయేది. ఆయనకు అది తెలిసిపోయింది. "నా చేతులు చూడొద్దు. కడ్డీ తల చూడు," అని గొంతు తగ్గించి అన్నాడు. మిగతావాళ్ళకు ఆ మాట అర్థం కాలేదు.

జట్టు మొత్తం ఆయన వేలి చుట్టూ మారిపోయింది. మామ పరుగెత్తి బంతిని అందుకోలేడు కాబట్టి, అన్న ఆ మొదటి బంతిని సరిగ్గా ఆయన నుదుటి ఎదురుగా దించడం నేర్చుకున్నాడు. గోడమీద సున్నంతో గుర్తు పెట్టుకుని ఒక్కడే కొట్టుకునేవాడు. ఇంకో ఇద్దరు నాకంటే ముందు వల చివరల్లో ఉత్తుత్తిగా ఎగిరేవాళ్ళు, అవతలివాళ్ళ చూపు అటు పోవాలని. బంతి తమకు రాదని తెలిసి రోజంతా రాళ్ళు లాగిన మనుషులు అలా ఎగిరేవాళ్ళు. ఎందుకు అని ఒక్కడూ అడగలేదు. నాకు ఉద్యోగం రావాలి, అంతే.

పోటీల్లో చివరి ఆట ఒక మిల్లు జట్టుతో పడింది. వాళ్ళు ముగ్గురు వల దగ్గర చేతులెత్తి ఎగిరితే గోడ కట్టినట్టు ఉండేది. ఎత్తుగా లేపే బంతి అయితే నేను ఒక్కటి కూడా దాటించలేకపోయేవాణ్ణి. మా తక్కువ బంతికి వాళ్ళు ఎగిరేసరికి అది వాళ్ళ వెనక నేలమీద ఉండేది. జనం లేచి నిలబడ్డారు. ఎంచుకోవడానికి వచ్చిన పెద్దమనిషి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. చివరిదైన మూడో సెట్టులో మామ వేలు ఉబ్బి బంతి తిరగడం మొదలైంది. రెండుసార్లు విజిల్ పడింది. మాకు పద్నాలుగు, వాళ్ళకు పదమూడు, సర్వీసు మాది. మామ వేలిని పక్కవేలితో కలిపి గుడ్డ చుట్టి నోటితో ముడి బిగించుకుని వచ్చి నిలబడ్డాడు. వాళ్ళు తిప్పి కొట్టిన బంతిని అన్న ఆయన నుదుటి ముందు దించాడు. నేను ఎగిరాను. ఏమీ చూడలేదు. బంతి నా చేతిలోకి వచ్చింది.

ఆట గెలిచాక పెద్దమనిషి మా దగ్గరికి వచ్చాడు. మామ పక్కనే కూర్చుని చెంబుతో వేలిమీద నీళ్ళు పోసుకుంటున్నాడు. ఆ తక్కువ బంతి ఎవరి ఆలోచన, ఎవరు నేర్పారు అని పెద్దమనిషి తమిళంలో నన్ను అడిగాడు.

నాదే సార్, నేనే సాధన చేశాను అన్నాను.

ఎందుకన్నానో చాలాసార్లు ఆలోచించాను. చదువు లేదు కాబట్టి మామను తీసుకోరని నాకు తెలుసు. నిజం చెబితే నాకు పోయేదేమీ లేదు. అయినా చోటు ఒక్కటే ఉందన్న మాట నా గొంతులో కూర్చుని ఆ అబద్ధం చెప్పించింది. మామ తల ఎత్తి నన్ను చూసి, పెద్దమనిషి వైపు తిరిగాడు. "ఔను సార్. పట్టిన పట్టు విడవడు మావాడు," అన్నాడు. మళ్ళీ నీళ్ళు పోసుకున్నాడు.

ఉద్యోగం వచ్చింది. పేపర్లో నా ఫోటో వేసి, కొత్తరకం షాట్ కనిపెట్టిన బావిపనివాడు అని రాశారు. కొన్ని నెలలకే డిపో జట్టులో నా బండారం బయటపడింది. అక్కడ బంతి లేపేవాడు మంచి ఆటగాడే, కానీ నాకు ఎత్తుగా లేపేవాడు. నేను అందరిలాంటివాణ్ణే అయిపోయాను. బయట కూర్చోబెట్టారు. ఆ మెరుపు ఎక్కడ పోయిందయ్యా అని పెద్దమనిషి అడిగాడు. సోగత్తూరులో ఉంది సార్ అని చెప్పాల్సింది. చెప్పలేదు.

సెలవు పెట్టి మామ దగ్గరికి వెళ్ళి, ఆ లేపేవాడి మీద ఫిర్యాదులు ఏకరువు పెట్టాను. ఆయన ఓపికగా విన్నాడు.

"వాడు బంతి లేపేటప్పుడు వాని చేతులు ఎప్పుడన్నా చూసినావా?"

"లేదు."

"వానికి ఏ ఏలు నొస్తాందో తెలుసునా?"

"నాకెట్లా తెలుస్తాది?"

"అదే నీ రోగం. రేపట్నించి అందరికంటే ముందు పొయ్యి వానికి బంతులు ఎయ్యి. వాడు చాలన్నాకనే ఆపు. నీళ్ళు నువ్వే తీసకపొయ్యి ఇయ్యి. వానికి నీ మీద నమ్మకం కుదిరినాక తక్కువ బంతి అడుగు. ముందు అడగొద్దు."

రెండు నెలలు అతనికి బంతులు వేశాను. అతని ఎడమ బొటనవేలికి పాత దెబ్బ ఉందని, చలికి పట్టేస్తుందని తెలిసింది. ఆట ముందు నేనే దానికి కట్టు కట్టేవాణ్ణి. తర్వాత ఒక రోజు అతనే అడిగాడు, ఆ తక్కువ బంతి ఒకసారి చూద్దామా అని. మళ్ళీ జట్టులోకి వచ్చాను. ఈ ఆరేళ్ళుగా నాకున్న పేరంతా ఆ రెండు నెలల కూలీ. ఆ పని చెప్పింది మామ.

తర్వాత ఆయనకు దగ్గు మొదలైంది. కడ్డీ వదిలేసి ఇంటిదగ్గర తాళ్ళు పేనుకుంటూ కూర్చునేవాడు. ఆ వేలు వంగేది కాదు. టీ గ్లాసు పట్టుకుంటే అదొక్కటే బయటికి నిలిచి ఉండేది. ఏమైందని ఎవరైనా అడిగితే, రాయి జారిందనేవాడు. నేను పక్కన ఉన్నా అంతే, అదే జవాబు. సేలం నుంచి వచ్చే ప్రతి బస్సులోనూ ఈసారి చెప్పేస్తాను, సమ్మెట తప్పింది నా వల్ల, ఆ ఆట నీది అని నలుగురిలో చెప్పేస్తాను అనుకునేవాణ్ణి. దారిలో తొప్పూరు ఘాటురోడ్డు ఎక్కేటప్పుడు మాటలు కూడా సిద్ధంగా ఉండేవి. ఇంటికి వచ్చి, పండ్లు అత్త చేతికిచ్చి, కార్పొరేషన్ కబుర్లు చెప్పి, తిరిగి బస్సెక్కేవాణ్ణి. ఆరేళ్ళు ఇలా తిరిగాను. పిరికితనానికి వేరే పేరు నాకు తెలియదు.

తెలుగు అక్షరాలు నేను నేర్చుకుంది డిపోలో, కుప్పం నుంచి వచ్చిన ఒక మెకానిక్ దగ్గర. మావాళ్ళలో ఇది చదవగలిగినవాళ్ళు ఇంకెవరూ లేరు. అందువల్ల ఇది రాయడం నాకు చాలా సులువు. తెలుగులో రాసేసి, చెప్పేశాను అని గుండెమీద చెయ్యి వేసుకుని పడుకోవచ్చు. ఆ దొంగదారి నాకు ముందే కనిపించింది. అందుకే మొదట నోటితో చెప్పాను. తర్వాతే కాగితం తీశాను.

కర్మ రోజున అందరూ భోజనాలకు కూర్చున్నాక లేచి నిలబడ్డాను. మధ్యలో ఆపకూడదనుకున్నాను. చెట్టికరై బావిలో రాయి జారలేదని, నా సమ్మెట తప్పిందని, నా పేరు పైనుంచి వినబడితే తలెత్తి చూశానని చెప్పాను. నాది అని మీరు చెప్పుకునే ఆ షాట్ ఆయన విరిగిన వేలితో కనిపెట్టిందని, కారిమంగళంలో ఆయన ఎదురుగానే నేను అబద్ధమాడానని చెప్పాను. తెలుగులో చెప్పి, మిల్లు జట్టు నుంచి వచ్చినవాళ్ళు ఇద్దరుంటే వాళ్ళకోసం మళ్ళీ తమిళంలో చెప్పాను. ఆకుల ముందు చేతులు ఆగిపోయాయి.

అన్న నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. "రాయి జారిందని చెప్పినాక గూడా బాయిలోంచి సమ్మెట శబ్దం పది తూర్లు ఇన్నాను. ఎందుకో నాకు ఆ పొద్దే తెలుసురా," అన్నాడు. తల వంచుకుని తినడం మొదలుపెట్టాడు. మిగిలినవాళ్ళూ తినసాగారు.

నేను నా ఆకు ముందు కూర్చున్నాను. అత్త అన్నం గిన్నె తెచ్చింది. ఆమె మొహం వైపు చూసే ధైర్యం నాకు లేదు.

"నాకు ఆ దినమే చెప్పినాడు. నీ నోటితో నువ్వే చెప్పాలంట. అంతదాకా నన్ను నోరు మూసుకోమన్నాడు," అంది అత్త, వడ్డిస్తూనే.

నేను ఆకులోని అన్నాన్ని వేళ్ళతో ఒక పక్కకు నెట్టాను.

"నువ్వు వచ్చి పోయినప్పుడల్లా అడుగుతా ఉండె. బస్సు పోయినాక, నీతో ఏమన్నా చెప్పినాడా అని. లేదు అంటే, సరి, మళ్ళా వస్తాడు గదా అంటా ఉండె. పోయేదానికి ముందు వారం గూడా అడిగినాడు."

ఆమె గిన్నె పక్కన పెట్టి, నా ఆకుకు ఎదురుగా నేలమీద కూర్చుంది. తిను అంది. అన్నంలోంచి ఆవిర్లు వస్తున్నాయి. అందరూ లేచి చేతులు కడుక్కుని వెళ్ళిపోయినా, నేను చివరి మెతుకు తినేదాకా ఆమె అక్కడి నుంచి కదల్లేదు.